మా ఇంటి గేజ్ మార్పిడి

బరంపురం పాత సామాన్ల కొట్లో దొరికిన స్టీలు రేసింగ్ సైకిల్ ఫ్రేముని బస్సు మీద వేసుకుని పర్లాకిమిడి తెచ్చిన రోజే మా ఆవిడ అడిగింది, "చక్రాలేవీ?" అని. చక్రాలు కొత్తవి కొన్నాను. ముందుది బాగానే కూర్చుంది. పేచీ అంతా వెనకదానితోనే, ఎందుకంటే ఆ కాలం ఫ్రేముల్లో ఇరుసు కూర్చునే గాడుల మధ్య ఖాళీ అయిదు గేర్ల బళ్ళకి 120 మిల్లీమీటర్లు, ఆరేడు గేర్ల వాటికి 126 ఉండేది, నా కొత్త చక్రం హబ్బేమో (ఇరుసు తిరిగే నడిమి భాగం) 130 అని పెట్టె మీదే రాసి ఉంది.

నాలుగు మిల్లీమీటర్లే కదా, స్టీలు వంగుతుంది (అల్యూమినియం జోలికి మాత్రం పోకండి, పగులుతుంది). మా నౌపడా–గుణుపురం రైలే 762 మిల్లీమీటర్ల నారోగేజ్ నుంచి ఏకంగా 1676కి పెరిగింది, నా ఫ్రేము నాలుగు పెరగదా?

కొలవడానికి మా ఆవిడ కుట్టుమిషను టేపు దొరికింది. పెట్టి చూస్తే 136! ఎవడో నాకంటే ముందే సాగదీసేశాడని వాణ్ణి తిట్టుకుంటూ, మరలున్న పొడుగు రాడ్డు గాడుల్లోంచి దూర్చి, బయటివైపు నట్లు బిగించి నొక్కడం మొదలెట్టాను. స్టీలుకి మహా పొగరు, ఆరు నొక్కి వదిలితే ఆరూ వెనక్కొచ్చేస్తుంది, అందుకని ఇంకా ఇంకా నొక్కి, వదిలి, కొలిచి, మళ్ళీ నొక్కి, చీకటి పడేవేళకి సరిగ్గా 130 దగ్గర నిలబెట్టాను.

చక్రం దూరలేదు.

"ఆ టేపు చివర చిరిగితే కత్తిరించేశాను, ఒకటో సెంటీమీటరు నుంచి మొదలవుతుంది, చూసుకోలేదా?" అంది మా ఆవిడ, గుమ్మంలోంచే.

"మరి జాకెట్లెలా కుడుతున్నావు?"

"ఒకటి తీసేస్తాను."

అంటే 126తో బంగారంలా ఉన్న ఫ్రేముని 120 చేసి, చేతులారా అయిదు గేర్ల కాలానికి పంపేశానన్నమాట.

మర్నాడు స్టీలు స్కేలు కొన్నాను. ఈసారి నట్లు లోపలివైపు పెట్టి బయటికి తోశాను, 130 వచ్చింది, చక్రం కూర్చుంది, కానీ వెనకనుంచి చూస్తే బండి మందు కొట్టినట్టు పక్కకి చూస్తోంది. ముందు గొట్టం చుట్టూ దారం తిప్పి రెండు గాడులకీ లాగి కట్టి, సీటు గొట్టానికి అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో కొలిస్తే తేడా 5 మిల్లీమీటర్లు. వచ్చినదంతా ఎడమవైపే వచ్చింది, కుడివైపు కదిలితే ఒట్టు.

సైకిల్ మిస్త్రీ చూసి ఒడియాలో "హెయిజిబో" (అయిపోతుంది) అన్నాడు, తెలుగులో "రేపు రండి" అన్నాడు. ఏ భాషని నమ్మాలో తెలియక నాలుగు రేపులు తిరిగాను. అయిదో రోజు ఒక చెక్కతో ఒక్కో వైపునీ విడివిడిగా వంచి అరగంటలో తేల్చేసి, చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు, "మొదట దేంతో కొలిచారు బాబూ?"

ఇంటికొచ్చేసరికి టేపు బీరువాలో ఉంది, తాళం ఆవిడ కొంగున ఉంది.