సవరణ: అయ్యల సోమయాజుల లలిత గారి గురించి

దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరైన లలిత గారి గురించి ఇంతకుముందు పంచుకున్న వ్యాసంలో, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆ రోజుల్లో చదివిన ఏకైక మహిళ ఆమేనని, తరువాత భాక్రా ఆనకట్ట కట్టడాన్ని రూపొందించారని రాశాను. ఈ రెండూ సరికావు. ఆ కళాశాల చరిత్రపై వచ్చిన వ్యాసాలను, కుటుంబసభ్యులు వెల్లడించిన వివరాలను సరిచూసుకోకుండా రాయడం నా పొరపాటు.

పద్దెనిమిదేళ్లకే పసిబిడ్డతో వితంతువైన లలిత గారు, అదే కళాశాలలో ఆచార్యులుగా ఉన్న తండ్రి పప్పు సుబ్బారావు గారి ప్రోత్సాహంతో 1940లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరిన మాట నిజమే. అయితే ఆ మరుసటి ఏడాదే పి.కె. థ్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్ శాఖలో చేరారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కోర్సు వ్యవధిని కుదించడంతో ముగ్గురూ 1943లో కలిసే పట్టా పొందారు. కనుక ‘తొలి’ అన్న మాట ముగ్గురికీ చెందుతుంది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు వరకు మాత్రం లలిత గారే మొదటివారు. పట్టాపై ముందే అచ్చయి ఉన్న ‘అతడు’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాన్ని కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో దిద్దారన్నది మాత్రం నా మునుపటి వ్యాసంలో సరిగానే ఉంది.

ఇక భాక్రా నంగల్ విషయానికి వస్తే, కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ ఉద్యోగిగా ఆమె పనిచేసింది ఆ పథకపు విద్యుత్ పరికరాలపైనే గాని ఆనకట్ట కట్టడంపై కాదు.