చెప్పకుండా జారుకుంటే మొండితనం పెరుగుతుంది
బిడ్డని డేకేర్‌లో దింపేటప్పుడు ఏడవకుండా ఉండాలంటే, బొమ్మల్లో పడగానే చప్పుడు చేయకుండా వెళ్లిపొమ్మని కొందరు చెబుతుంటారు. ఆ సలహా తప్పు. ఏడుపు ఆ పూటకి తప్పుతుంది, మర్నాడు పిల్లలు గేటు దగ్గరే చెప్పులు విసిరేసి, ఒళ్లు వదిలేసి నేలమీద కూలబడతారు. కన్ను తిప్పితే అమ్మ మాయమవుతుందని వాళ్లకి తెలిసిపోయింది మరి. విడిచి ఉండలేని బెంగ 10 నుంచి 18 నెలల మధ్య ఎక్కువగా ఉంటుంది, రెండేళ్లు దాటాక దానికి "నేను రాను" అనే పంతం తోడవుతుంది. పంతానికి చిన్న పెత్తనం ఇవ్వాలి: "సంచి నువ్వు మోస్తావా, నన్ను మోయమంటావా?" అంతేగానీ "లోపలికి వెళ్దామా?" అని అడగకూడదు, వద్దంటే మన దగ్గర జవాబుండదు. రోజూ ఒకే వరస పాటించండి: చెప్పులు అరలో పెట్టడం, ఒక ముద్దు, ఆయమ్మ చేతికి అందించడం, "వెళ్లొస్తా, నువ్వు పాలు తాగాక వస్తా" అనడం. ఐదింటికి అంటే రెండేళ్ల బిడ్డకి అర్థం కాదు, పాలు తాగాక అంటే అర్థమవుతుంది. ఇదంతా 2 నిమిషాల్లో అయిపోవాలి. ఏడుపు విని మళ్లీ వెనక్కి రావడం, కిటికీలోంచి తొంగిచూడడం అన్నిటికంటే చేటు, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే అమ్మ వస్తుందని నేర్పినట్టే. మనసు ఆగకపోతే 10 నిమిషాలాగి ఫోన్ చేసి కనుక్కోండి. "టీచర్ కొడుతుంది" అని మాత్రం పొరపాటున కూడా బెదిరించకండి, రోజంతా ఉండాల్సింది ఆవిడ దగ్గరే కదా. పండగ సెలవుల తర్వాత, సోమవారాల్లో పేచీ మళ్లీ మొదలవుతుంది, అప్పుడూ అదే వరస.