పేరు రాయనివాడు పిరికివాడా?

అసలు పేరు చెప్పకుండా గోడల మీద బొమ్మలు వేసే బ్రిటిష్ చిత్రకారుడు బ్యాంక్సీ, లండన్‌లో న్యాయస్థానం గోడ మీద వేసిన బొమ్మ ఫొటోకి ఒక మెసేజి తగిలించి వైజాగ్ గ్రూపుల్లో తెగ తిప్పుతున్నారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: "దమ్మున్నవాడు పేరు చెప్పుకుంటాడు. ముసుగేసుకుని గోడలు పాడుచేసేవాడు దొంగ. ఇదంతా కోట్లు గడించే ఎత్తు. తెల్లోళ్ల పిచ్చి, మన సంస్కృతి కాదు. బొమ్మలతో ఏదీ మారదు. మన ఊళ్లో ఎవడైనా ఇలా గీస్తే పోలీసులకి పట్టించండి."

ముందు పేరు సంగతి. 1966లో ఉక్కు ఉద్యమం నాటికి మా నాన్నకి పద్దెనిమిదేళ్లు. అర్ధరాత్రి దాటాక జేగురు డబ్బా, ఈతమట్ట చితక్కొట్టి చేసిన కుంచె పట్టుకుని వన్‌టౌన్ సందుల్లో 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని రాసేవాడు. ఒకరు రాస్తుంటే ఇంకొకరు సందు చివర కాపలా. కింద ఎవరి పేరూ ఉండేది కాదు. ఆ ఉద్యమంలో పోలీసు కాల్పులకి మనుషులు చనిపోయారు. అలాంటి రోజుల్లో గోడ మీద పేరు రాస్తే తెల్లారేసరికి ఇంటి తలుపు కొడతారని వాళ్లకి తెలుసు. తెలిసీ వెళ్లారు. వాళ్లని పిరికివాళ్లనడానికి నాకైతే నోరు రాదు. ఆ ఉద్యమంతో వచ్చిన స్టీల్ ప్లాంటు జీతంతో పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు ఈ ఊళ్లో ఎన్ని ఉన్నాయో మెసేజి పంపినవాళ్లకీ తెలుసు.

మన కథల్లోనూ అంతే. బీనాదేవి అన్న పేరు వెనక ఉన్నది న్యాయమూర్తిగా పనిచేసిన భగవతుల నరసింగరావు గారు, ఆయన భార్య త్రిపురసుందరమ్మ గారు. సొంత పేర్లు పెట్టనంత మాత్రాన ఆ కథల్లో నిజం తగ్గలేదు.

అసలు పేరు తెలిస్తే మనం చేసేదేమిటి? ఏ కులం, ఏ పార్టీ, వెనక ఎవరున్నారు అని ఆరా తీస్తాం. బొమ్మ అడిగిన ప్రశ్న మూలన పడుతుంది. 2025 సెప్టెంబరులో వేసిన ఆ లండన్ బొమ్మలో విగ్గు పెట్టుకున్న జడ్జి, కింద పడిపోయిన నిరసనకారుణ్ణి చేతి సుత్తితో కొడుతున్నాడు. ఆ మనిషి చేతిలో అట్ట మీద నెత్తురు. అధికారులు వెంటనే కప్పేశారు, తర్వాత రుద్ది తుడిచారు. గోడ మీద మరక లాగా దాని ఆకారం మిగిలింది. మెసేజిలో ఆ బొమ్మ ఏం చెబుతోందో ఒక్క ముక్క లేదు. అంతా గీసినవాడి గురించే. నాకు కోపం తెప్పించింది అదే.

ఇక కోట్ల మాట. బ్యాంక్సీ చిత్రాలు కోట్లకి పోతాయి, నిజమే. 2018లో లండన్ వేలంలో అమ్ముడైన క్షణంలోనే, ఫ్రేములో బ్యాంక్సీ ముందే దాచిన యంత్రంతో సగం చిరిగిపోయిన చిత్రం, 2021లో కోటీ 85 లక్షల పౌండ్లు దాటింది. ఆ డబ్బు అమ్ముకున్నవాళ్లది, గీసినవాడిది కాదు. అదే ఏడాది మార్చిలో, కరోనా వేళ నర్సుల మీద గౌరవంతో ఆసుపత్రికి ఇచ్చిన చిత్రం కోటీ 67 లక్షల పౌండ్లకి పోతే, ఆ సొమ్ము ఆరోగ్య సేవా సంస్థలకి వెళ్లింది.

మన సంస్కృతి కాదట! సీతంపేట కొండల్లో సవర గిరిజనుల ఇళ్లకి వెళ్లండి. ఎర్రమన్ను అలికిన గోడల మీద తెల్లటి బొమ్మలు, కింద సంతకం లేకుండా. లేపాక్షి గుడి పైకప్పు మీద రంగులు వేసిన చేతులు ఎవరివో చెప్పండి చూద్దాం. కొచ్చి గోడల మీద 'గెస్ హూ' అన్న పేరుతో, ఢిల్లీలో 'డాకు' అన్న పేరుతో గీస్తున్నవాళ్లూ మనవాళ్లే.

గోడలు పాడవుతాయన్న మాటలో మాత్రం కొంత న్యాయం ఉంది. అప్పు చేసి సున్నం వేయించుకున్న ఇంటి గోడ మీద అడక్కుండా గీస్తే తప్పే. గోడలు, బహిరంగ స్థలాలు పాడుచేయకూడదని 1997 నుంచి మన రాష్ట్రంలో చట్టమే ఉంది. కానీ ఎన్నికలప్పుడు రాసే రాతలకి, పుట్టినరోజు పోస్టర్లకి ఈ గ్రూపుల్లో ఎవరూ పోలీసుల్ని పిలవమనలేదు.

బొమ్మలతో ఏదీ మారదంటే, 2015లో బెంగళూరులో బాదల్ నంజుండస్వామి నడిరోడ్డు గుంటలో మొసలి బొమ్మ పెట్టాక జరిగింది చూడండి. అంతకుముందు ఎవరికీ పట్టని ఆ గుంటని పూడ్చేశారు. అన్ని గుంటలూ పూడవని నాకూ తెలుసు. మన ఊళ్లో 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషవాయువు పీల్చి 12 మంది పోయారు. వన్‌టౌన్‌లో ఇప్పటికీ కిటికీ గట్టు మీద వేలు రాస్తే పోర్టు నుంచి ఎగిరొచ్చిన బొగ్గుపొడి అంటుకుంటుంది. ఈ రెండింటి మీద బీచ్ రోడ్డులో ఒక్క బొమ్మ ఉంటే, సముద్రం చూడ్డానికొచ్చినవాళ్లు ఒక్క నిమిషమైనా ఆగుతారు. నాకు అదే చాలు.

పోలీసులకి పట్టించమన్నారు. అలాంటి కుర్రాడో అమ్మాయో రాత్రిపూట నాకు కనిపిస్తే, ఇల్లుగలవాళ్లని అడిగావా అని ఒక్క మాట అడుగుతాను. అడిగానంటే నిచ్చెన పట్టుకుంటాను.