నాకు లేని ఇద్దరు అన్నదమ్ముల విషయమై ల్యాబ్ రికార్డు గారికి

విజయనగరం,
శనివారం రాత్రి.

గౌరవనీయులైన అడ్వాన్స్‌డ్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ రికార్డు గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, మీకేం తక్కువ? ఇంగ్లీషు ల్యాబులో చేసిందంతా మేం రాసి చూపించాల్సిన పుస్తకం మీరు. ఒంటినిండా బ్రౌన్ అట్ట, దానిపైన ప్లాస్టిక్ కవరు, ముందు పేజీలో 'బోనాఫైడ్' అని సర్టిఫికెట్. మా హాస్టల్లో వాన నీళ్ళు కారితే మేం తడుస్తాం గానీ మిమ్మల్ని తడవనిచ్చింది లేదు.

ఈ రోజు మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టిన దగ్గర్నుంచి కాలేజీ బస్సులు కదిలేదాకా స్టాఫ్ రూమ్ గుమ్మం ముందు మిమ్మల్ని గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. సెక్షన్ సెక్షనంతా అలాగే నిలబడింది. ఎట్టకేలకు నా వంతు వచ్చింది. మేడమ్ గారు ముందు మార్జిన్ చూశారు, పెన్సిల్‌తోనే గీశానా అని. తర్వాత ఇండెక్స్‌లో తేదీలు చూశారు. తర్వాత మొదటి ఎక్స్‌పెరిమెంటు తీసి, రెండు లైన్లు చదివి, కళ్ళజోడు సర్దుకుని, నా మొహం చూసి, మళ్ళీ మీ మొహం చూశారు. ఎర్ర పెన్ను పడింది. "రీరైట్. రిఫర్ ప్రీవియస్ రికార్డ్."

ఆ సంగతికి వస్తాను. అంతకంటే ముందు మీ ఘనత కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే మర్యాద కాదు.

సెమిస్టర్ మొదటి రోజున పెద్ద సారు వచ్చి, ఈ కోర్సు అయ్యేసరికి మీ ఇంగ్లీషు అడ్వాన్స్‌డ్ లెవెల్‌కి వెళ్ళిపోతుంది, సీ1 అంటారు దాన్ని అని సెలవిచ్చారు. మేం చప్పట్లు కొట్టాం. భాష ఎంత వచ్చో కొలవడానికి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లట, యూరప్ వాళ్ళు 2001లో కట్టారట. ఒక మెట్టు ఎక్కడానికి ఎన్ని గంటల చదువు కావాలో కేంబ్రిడ్జి వాళ్ళ అంచనా ఒకటుంది. మధ్యలో ఉండే బీ1కి చేరడానికి మొత్తం 350 నుంచి 400 గంటలు, సీ1కి 700 నుంచి 800. అంటే బీ1లో ఉన్న పిల్ల సీ1కి వెళ్ళాలంటే ఇంకా 350 గంటల పైమాటే. మా ల్యాబు వారానికి 3 గంటలు, 16 వారాలు, కాగితం మీద 48 గంటలు. ఆ 48లో పండగ సెలవులు పోను, కరెంటు పోను, సిస్టమ్ ఆన్ అవ్వనివి పోను, మిగిలినదంతా మీ సేవకే. లెక్కల్లో నేను వీకే గానీ, ఇది మరీ అంత కష్టమైన లెక్కేం కాదు.

మీలో రాసేవన్నీ ఎక్స్‌పెరిమెంట్లే కదా. ఎయిమ్, అపారటస్, ప్రొసీజర్, రిజల్ట్. ఉద్దేశము: ఫోనులో సంభాషించుట. కావలసిన పరికరములు: కంప్యూటరు, హెడ్‌ఫోన్స్. ఫలితము: ఫోనులో సంభాషించుట విజయవంతముగా నేర్చుకొనబడినది. ఎవరు నేర్చుకున్నారో మీరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఎడమవైపు తెల్ల పేజీలో నోటి బొమ్మ వేయమన్నారు. పెదవులు, పళ్ళు, అంగిలి, నాలుక, గొంతు, అన్నింటికీ బాణాలు పెట్టి పేర్లు రాశాను. ఇంటర్‌లో కప్ప బొమ్మ వేసిన చెయ్యి కాబట్టి బాగానే వచ్చింది. మేడమ్ గారు గుడ్ అని కూడా పెట్టారు. నాలుకని అంత అందంగా గీశాను, ఇక దాన్ని కదపడం ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషులో 44 ధ్వనులున్నాయని పట్టిక వేశాను. అందులో తలకిందులుగా ఉన్న ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరం ఒకటి, ష్వా అట. ఇంగ్లీషు వాళ్ళ నోట అన్నింటికంటే ఎక్కువసార్లు పలికే అచ్చు అదేనట. దాన్ని స్కేలు పెట్టి మరీ గీశాను. పలకమని ఎవరూ అడగలేదు.

ఇక జామ్, అంటే 'జస్ట్ ఎ మినిట్'. ఒక్క నిమిషం ఆగకుండా, చెప్పిందే చెప్పకుండా, దారి తప్పకుండా మాట్లాడాలి. 1967లో బీబీసీ రేడియోలో నవ్వుకోవడానికి మొదలుపెట్టిన ఆట ఇది. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు కూడా దాంట్లో తడబడతారు, ఆ తడబాటుకే జనం నవ్వుతారు. మాకు అది ఎక్స్‌పెరిమెంట్ నంబర్ 5. ఒక్క నిమిషం మాట్లాడాల్సిన దాన్ని ముప్పావుగంట కూర్చుని రాశాం. గ్రూప్ డిస్కషన్ ఇంకా గొప్పది. స్టూడెంట్ ఏ ఇలా అన్నాడు, స్టూడెంట్ బీ కాదన్నాడు, స్టూడెంట్ సీ ఇద్దరికీ సర్దిచెప్పాడు. ఆ గ్రూపు మొత్తాన్నీ మంచం మీద ఒక్కదాన్నే కూర్చుని, రాత్రి పదకొండింటికి, దోమల బత్తి వెలిగించుకుని నడిపాను. విషయం సెల్‌ఫోన్ వల్ల లాభమా నష్టమా. ఆ ఫోన్ టార్చి వెలుగులోనే రాశాను, కరెంటు లేదు.

ల్యాబులో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైను. మాట్లాడకపోతే ఫైను లేదు. మేం తెలివైన పిల్లలం. అందరం మాట్లాడకుండా ఉన్నాం.

పక్క జిల్లాలో, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు మీకు తెలుసో తెలియదో. ఆయన పర్లాకిమిడిలో పంతులుగారు. అక్కడి కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి లిపి లేదు, పుస్తకం లేదు, ల్యాబు లేదు, ముఖ్యంగా మీరు లేరు. సవరల ఊళ్ళకి వెళ్ళి, వాళ్ళతో కూర్చుని మాట్లాడారు, అంతే. 1931లో ఆ భాష గురించి ఇంగ్లీషులో పుస్తకమే అచ్చు వేయించారు. అడవుల్లో తిరగ్గా తిరగ్గా మలేరియా పట్టుకుందని, క్వినైన్ మింగీ మింగీ చెవుడు వచ్చిందని చెప్తారు. ఆ మనిషికి చెవులు పోయింది జనం మాటలు వినబోయి. మాకు పోయేది ఒకవైపే పనిచేసే మీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రిపీట్ ఆఫ్టర్ మీ అంటూ గరగరమనే ఆ కంప్యూటర్ గొంతు విని. ఆ గొంతుకి మనం ఏం రిపీట్ చేసినా ఒకటే. నేనొకసారి మా మెస్సులో ఉప్మా గురించి చెప్పాను. ఎక్సలెంట్ అంది.

ఇప్పుడు అసలు విషయం.

మొదటి ఎక్స్‌పెరిమెంటు సెల్ఫ్ ఇంట్రడక్షన్. మా సెక్షన్‌లో అందరికీ ఇద్దరు అన్నదమ్ములు. అందరి నాన్నా రైతే. అందరి హాబీ స్టాంపుల సేకరణ, క్యారమ్స్. ఏనాటి సీనియరో, పాపం ఎవరి బిడ్డో, తన గురించి నిజంగా రాసుకున్నాడు. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' అని. వాడి రికార్డు చూసి వాడి జూనియర్, ఆ జూనియర్‌ది చూసి ఇంకొకడు, చివరికి జెరాక్స్ షాపు అన్న దగ్గర బైండింగ్ కాపీ. ఆ వాక్యంలో ఉన్న తప్పుకి ('ఐ హ్యావ్' అనాలి) కూడా బ్యాచి బ్యాచికీ టిక్కు పడుతూనే ఉంది. స్టాంపు కొని ఉత్తరం పోస్టు చేసినవాళ్ళు మా హాస్టల్లో ఒక్కరు లేరు గానీ, సేకరించేవాళ్ళకి లోటు లేదు.

నాకు అన్నదమ్ములు లేరండీ. ఒక చెల్లి ఉంది, ఇంటర్ చదువుతోంది. మా నాన్న పలాసలో ఆటో నడుపుతాడు. మా అమ్మ జీడి ఫ్యాక్టరీలో పప్పు తీస్తుంది. ఆ తొక్కలో ఉండే నూనె వేళ్ళని కాల్చేస్తుంది. అమ్మ చేతులు ముట్టుకుంటే గరుగ్గా, నల్లగా ఉంటాయి, పండక్కి గోరింటాకు పెట్టినా ఎరుపు కనపడదు. నా హాబీ, బస్సులో పక్క సీటువాళ్ళ ఫోన్ మాటలు వినడం. ఇదంతా ఇంగ్లీషులో రాశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, కొట్టేస్తూ, మళ్ళీ రాస్తూ, బయటికి చదువుకుంటూ. ఏ ల్యాబులోనూ మాట్లాడనంత ఇంగ్లీషు ఆ ఒక్క పేజీ కోసం మాట్లాడాను. మా రూమ్మేట్ వినలేక దుప్పటి కప్పుకుంది. తప్పులు ఉండే ఉంటాయి. ఉంటే దిద్దండి, అందుకే కదా వచ్చాం. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. పేజీ మొత్తానికి అడ్డంగా ఒక గీత. "ఫార్మాట్ ఫాలో అవ్వాలి కదమ్మా" అన్నారు మేడమ్ గారు, పాపం మెత్తగానే. ఆవిడ బల్ల మీద ఇంకా అరవై రికార్డుల దొంతర ఉంది. బయటి నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తే ఆవిణ్ణి కూడా అడిగేది మిమ్మల్ని గురించే, మమ్మల్ని గురించి కాదు.

రూముకొచ్చి ఏడుపు మొహం పెడితే మా రూమ్మేట్, "ఏటే, ఇద్దరు అన్నదమ్ములుంటే నీకేటి పోయింది? మాకందరికీ లేరా?" అంది.

నిజమే, ఏం పోయింది? కానీ ఒక్కటి చెప్పు, రికార్డూ. గారు లేదు ఇంక, మీరు లేదు. రేపు క్యాంపస్ డ్రైవ్‌లో టై కట్టుకున్నవాడు 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అని అడిగితే నువ్వొచ్చి చెప్తావా? మూడేళ్ళు ఫీజు కట్టించుకుని, బల్ల ముందు కూర్చోబెట్టి, ఒక ఆడపిల్ల చేత వాళ్ళమ్మ గురించి నాలుగు ముక్కలు ఇంగ్లీషులో చెప్పించలేకపోయారు. చెప్పబోతే కొట్టేశారు! సీ1 అంట. అడ్వాన్స్‌డ్ అంట. నీ బ్రౌన్ అట్ట చింపి వేరుశనక్కాయలు పొట్లం కట్టుకుంటే, కనీసం ఆ కాయలు అమ్మే ముసలాయన నాతో మాట్లాడతాడు.

సోమవారం పొద్దున్నకి నిన్ను మళ్ళీ సబ్మిట్ చెయ్యాలి. రాస్తాను, ఇంటర్నల్ మార్కులు నీ చేతిలో పెట్టారు కాబట్టి. రైతు నాన్న, స్టాంపులు, క్యారమ్స్, అన్నీ రాస్తాను. ఇంకా పది ఎక్స్‌పెరిమెంట్లు బాకీ, చెయ్యి ఇప్పటికే లాగేస్తోంది. నాకు ఇద్దరు అన్నదమ్ములున్నారని సంతకంతో సహా రుజువు చేసేది నువ్వే కాబట్టి, వాళ్ళల్లో ఒకణ్ణి రేపు పొద్దున్నే మా హాస్టల్ గేటు దగ్గరికి పంపు. మిగతావి వాడు రాస్తాడు. పెన్సిలు, స్కేలు వాడే తెచ్చుకోవాలి.

ఇట్లు,
థర్డ్ ఇయర్, బీ సెక్షన్ నుంచి
ఒక చెల్లి మాత్రమే ఉన్న పిల్ల