33 ఏళ్ళకే మెనోపాజ్ వస్తే ఎవరికి చెప్పుకోవాలి?

మెనోపాజ్ గురించి, అంటే నెలసరి పూర్తిగా ఆగిపోవడం గురించి, తెలుగులో ఏం కనబడినా వదలకుండా చదువుతాను. యోగా చేయండి, కాటన్ బట్టలు కట్టుకోండి, కాఫీ తగ్గించండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి అని ఉంటుంది. మంచి మాటలే. కానీ అవన్నీ యాభైకి దగ్గరపడి, ఏసీ గదిలో పడుకుని, కావలసిన రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళగలిగే ఆవిడ కోసం రాసినవి. మా వదిన వాటిలో ఎక్కడా లేదు.

మా వదినకి 33 ఏళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట, నడుము నొప్పి, నెలసరి ఎక్కువవుతోందని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే స్కానింగ్ చేసి, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకా ఆ సంచి ఎందుకమ్మా, ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక అప్పు చేసైనా ఆపరేషన్ చేయించుకోకుండా ఎవరు ఉండగలరు? అండాశయాలు కూడా తీశారన్న సంగతి చాలాకాలం ఆమెకే తెలియదు. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో రాసి ఉంది, చదివి చెప్పిన వాళ్ళు లేరు.

కొద్ది వారాలకే ఒంట్లో సెగలు మొదలయ్యాయి. మిరపకోతల్లో నడినెత్తిన ఎండ, లోపల్నుంచి మంట, చీర తడిసి ఒంటికి అంటుకుపోయేది. రాత్రి నిద్ర లేదు. చలికాలంలో ఫ్యాన్ వేస్తే ఇంట్లో గొడవ. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. "ఆపరేషన్ అయ్యాక మనిషి మారిపోయింది, పని ఎగ్గొడుతోంది" అన్నారు ఇంట్లోవాళ్ళు. ఇది మెనోపాజ్ అని, దీనికి మందు ఉందని ఆమెకు ఒక్కరు చెప్పలేదు. నాకు ఇప్పటికీ మండేది ఇక్కడే.

ఇలాంటి వాళ్ళు మనకి ఎంతమందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవారు దాదాపు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతం పైనే. మన ఆడవాళ్ళ గర్భసంచులకే అంత రోగమా? అనవసరంగా చేస్తున్న ఈ ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు కూడా స్పందించి, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. సంతోషమే. అప్పటికే తీసేసిన వాళ్ళ సంగతి ఎవరు చూడాలి?

మామూలుగా వచ్చే మెనోపాజ్‌లో, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కొన్నేళ్ళ పాటు హెచ్చుతగ్గులవుతూ పడిపోతుంది. అండాశయాలు తీసేస్తే ఒక్కసారిగా పడిపోతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం తట్టుకోలేక, కాస్త వేడి పెరిగినా ఒంటిని చల్లబరచడానికి చెమటలు పట్టిస్తుంది. అందుకే సెగలు మరీ ఎక్కువ. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా అవి కొంత ముందుగానే పని తగ్గించవచ్చు. చిన్న వయసులోనే ఈస్ట్రోజెన్ పోతే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. యోని లోపల పొడిబారి మూత్రంలో మంట, కలయికలో నొప్పి ఉంటాయి. ఈ చివరిది మన ఆడవాళ్ళు డాక్టర్‌కి కూడా చెప్పరు. దానికి అక్కడే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉందని తెలిసిన వాళ్ళెంతమంది?

తగ్గిన ఈస్ట్రోజెన్‌కి బదులుగా ఇచ్చే హార్మోన్ మాత్రలు అనగానే క్యాన్సర్ వస్తుందని భయపెడతారు. ఆ భయం చాలావరకు 2002లో అమెరికాలో బయటికొచ్చిన ఒక పెద్ద పరిశోధనతో మొదలైంది. అందులో పాల్గొన్న వాళ్ళ సగటు వయసు 63. తర్వాత లెక్కలు మళ్ళీ చూశాక తేలింది ఏమిటంటే, 60 లోపు వాళ్ళకి, లేదా నెలసరి ఆగి పదేళ్ళు దాటని వాళ్ళకి, వేరే ఇబ్బందులు లేకపోతే సాధారణంగా లాభమే ఎక్కువ. మా వదినలా 40 లోపే ఆగిపోయిన వాళ్ళకైతే మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ ఇవ్వమనే వైద్య సూచనలు చెబుతున్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళు సాధారణంగా వాడకూడదు. వాళ్ళకి సెగలు తగ్గించే వేరే మందులున్నాయి. ఎవరికి ఏది అన్నది గైనకాలజిస్టు చూసి చెప్పాలి, మందుల షాపువాళ్ళు కాదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాలి, చెమటలూ గుండెదడా దానివల్లా రావచ్చు. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు.

రాగిజావ తాగు, నువ్వుండలు తిను అని పెద్దవాళ్ళు చెప్పేది నిజంగా పనికొచ్చే మాట. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ దానితో సెగలు తగ్గవు. "మా రోజుల్లో ఇవన్నీ లేవు" అనే అత్తగార్లతో నాకు గట్టి పేచీ ఉంది. ఉన్నాయి. మీరూ పడ్డారు, మిమ్మల్నీ ఎవరూ అడగలేదు, అంతే.

మా వదినకి ఇప్పుడు 41. జిల్లా కేంద్రంలో ఒక డాక్టరమ్మ వివరంగా చెప్పి మందు మొదలుపెట్టాక నిద్రపోతోంది. ఎనిమిదేళ్ళు ఆలస్యంగా.

30 దాటిన వాళ్ళ బీపీ, షుగర్ వివరాల కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఒక ఫారం నింపుతారు. నెలసరి ఆగాక రక్తస్రావం అవుతోందా అని అందులో అడుగుతారు కూడా. దాని పక్కనే ఇంకో రెండు ప్రశ్నలు పెట్టండి: నెలసరి ఎన్నో ఏట ఆగింది? గర్భసంచి తీస్తే అండాశయాలు ఉంచారా, తీశారా? 45 లోపే ఆగిపోయిందన్న ప్రతి ఒక్కరినీ గైనకాలజిస్టు దగ్గరికి పంపండి, ఆ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇవ్వండి. ఆరోగ్య శాఖలో పనిచేసే వాళ్ళు నా స్నేహితుల్లో ఉన్నారు. ఈ మాట మీ పైవాళ్ళ దాకా తీసుకెళ్ళమని మిమ్మల్ని అడుగుతున్నాను.