‘మీ రచన ఎంపికైంది’ అన్న మెయిలుకు జవాబు

మహారాజశ్రీ ‘మీ రచన ఎంపికైంది’ మెయిల్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. నా పుస్తకాలు కూడా క్షేమమే, మంచం కింద, కట్టిన కట్ట విప్పకుండా.

నువ్వొచ్చి మూడేళ్లయింది. జవాబు ఆలస్యం చేసింది నేనే, మన్నించు. ‘గారు’ అని మొదలెట్టి రెండో పేరాకే ‘నువ్వు’లోకి దిగిపోయానని ఏమీ అనుకోకు. నిన్ను ప్రింటు తీయించి ఫ్రేము కట్టిద్దామనుకున్న మనిషిని, ఆమాత్రం చనువు ఉంటుంది కదా.

ఆ రాత్రి 11 గంటల 10 నిమిషాలకు నేను మీ ప్రచురణ సంస్థకు నవల పంపాను. 11 గంటల 52 నిమిషాలకు నువ్వు దిగావు. మూడు వందల పేజీల పైచిలుకు నవల అది. ‘మా సంపాదక మండలి ఆసాంతం చదివింది, ప్రతి అధ్యాయమూ కట్టిపడేసింది’ అన్నావు. నాకు లెక్క తట్టలేదు. మనల్ని పొగుడుతున్నవాళ్ల ముందు గడియారం చూసుకోవడం మర్యాద కాదు కదా.

మూడు రోజుల తర్వాత చూసుకుంటే, తొందరలో ఏడో అధ్యాయం జత చేయడం మర్చిపోయాను. మొత్తం 22 అధ్యాయాల్లో 21 మాత్రమే వెళ్లాయి. తండ్రి చనిపోయేది ఆ ఏడో అధ్యాయంలోనే. ఎనిమిదో అధ్యాయం కొడుకు ఏడుపుతో మొదలవుతుంది. వీడెందుకు ఏడుస్తున్నాడని మీ మండలిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను సిగ్గుపడిపోయి, వంద క్షమాపణలతో ఏడో అధ్యాయం పంపాను. ‘పర్వాలేదండీ, పేజీలు పెరుగుతాయి కాబట్టి కొంచెం అదనపు ఛార్జీ పడుతుంది’ అని తిరుగు టపాలో వచ్చింది. అప్పుడైనా మెలకువ రావాలి. రాలేదు. కట్టేశాను.

నీ కింద వేలాడిన అటాచ్‌మెంట్ గురించి చెప్పాలి. డబ్బు కట్టి పుస్తకం వేయించుకునే మూడు ప్యాకేజీలు: సిల్వర్, గోల్డ్, ప్లాటినం. గోల్డ్ తీసుకున్నాను, మధ్యలోది తీసుకుంటే తెలివైనవాళ్లమని మనకో నమ్మకం. అందులో మొదటి వరం ఐఎస్‌బీఎన్. పదమూడంకెలు చూసి పొంగిపోయాను. అది పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే నంబరని, లోపల ఏముందో దానికి అక్కర్లేదని, పైగా ఆ నంబరు మీద ప్రచురణకర్తగా నమోదయ్యేది నేను కాదు, మీ సంస్థేనని తర్వాత తెలిసింది. రెండో వరం ‘కాపీరైట్ రక్షణ’. కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న బెర్న్ ఒప్పందంలో చేరినచోట్లన్నిటిలోనూ రాసిన క్షణానికే ఆ హక్కు రచయితకు వచ్చేస్తుందట. నాది నాకే అమ్మారన్నమాట. మూడోది ‘ప్రపంచవ్యాప్త పంపిణీ’. ఇది మాత్రం అద్భుతం. పుస్తకం ప్రపంచంలో ఏ షాపులోనూ ఉండదు, సైట్లలో బొమ్మ ఉంటుంది. ఎవరైనా ఆర్డరిస్తే అప్పుడు ఒక ప్రతి అచ్చవుతుంది. ఆర్డరివ్వకపోతే లేదు. అలాంటి ఉండీ లేని స్థితి గురించి వేదాంతులే మాట్లాడాలి.

అనుమానంగా ఒకసారి ఫోన్ చేశాను. మీ రిలేషన్‌షిప్ మేనేజర్ ఎంత ఓపికమంతుడో. ‘సార్, ఫ్రెంచి మహారచయిత ప్రూస్ట్ కూడా సొంత డబ్బు పెట్టుకునే వేయించుకున్నాడు తెలుసా’ అన్నాడు. ఆ పూట నేను ప్రూస్ట్‌నైపోయాను. రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత తీరిగ్గా చదువుకున్నాను. నిజమే, 1913లో తన పెద్ద నవల మొదటి భాగాన్ని ప్రూస్ట్ తన ఖర్చుతోనే గ్రాసే అనే ప్రచురణకర్త దగ్గర వేయించాడు. అంతకుముందు దాన్ని కాదన్నవాళ్లలో ఆంద్రే జీద్ అనే మరో ఫ్రెంచి రచయిత ఉన్న సంస్థ ఒకటి. 1914 జనవరిలో ఆ జీదే ప్రూస్ట్‌కి ఉత్తరం రాసి, నీ పుస్తకాన్ని తిప్పి పంపడం మేం చేసిన పెద్ద పొరపాటని ఒప్పుకున్నాడు. గమనించావా, ప్రూస్ట్ డబ్బు పోసి కొన్నది అచ్చు. మెచ్చుకోలు ఊరికే వచ్చింది, అదీ కాదన్నవాళ్ల దగ్గర్నుంచి. నేను డబ్బు పోసి కొన్నది నిన్ను.

మేనేజర్ అమెరికన్ రచయిత థోరో పేరు ఎత్తలేదు, ఎందుకో మరి. అతనూ ఖర్చు తనదేనని ఒప్పుకుని 1849లో మొదటి పుస్తకం వేయించాడు. వెయ్యి ప్రతులు. నాలుగేళ్లకు ప్రచురణకర్త జాగా చాలడం లేదని మిగిలినవి బండికెక్కించి పంపాడు, 706. వాటిని థోరో వీపు మీద మోసుకుని రెండంతస్తుల మెట్లెక్కి గదిలో పేర్చుకున్నాడు. తన దగ్గర దాదాపు తొమ్మిది వందల పుస్తకాల గ్రంథాలయం ఉందని, అందులో ఏడు వందలకు పైగా తానే రాశానని డైరీలో నవ్వుకున్నాడు. మంచం కింద కట్టలు జరుపుతున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. ఆయన మోసినవి 706, నావి 92. ఆ లెక్కన నేనే అదృష్టవంతుణ్ణి.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పని నేననడం లేదు, నువ్వు నొచ్చుకోకు. పిల్లల కథలు రాసిన ఇంగ్లీషు రచయిత్రి బియాట్రిక్స్ పోటర్ తన కుందేలు కథను ఎవరూ వేయకపోతే 1901 డిసెంబరులో 250 ప్రతులు తనే అచ్చు వేయించుకుంది. ఆమెకు కావలసింది అచ్చు, అచ్చాపీసువాళ్లు ఇచ్చిందీ అచ్చే. ‘అమ్మా, మీ కుందేలు మా మండలిని కట్టిపడేసింది’ అని వాళ్లేమీ రాయలేదు. మరుసటి ఏడాదికల్లా ఒక ప్రచురణ సంస్థ ఆ కథను తన ఖర్చుతో తెచ్చింది. ప్రూఫులు దిద్దేవాళ్లకు, బొమ్మ వేసేవాళ్లకు, అచ్చువేసేవాళ్లకు మనమే డబ్బిచ్చి, ప్రతులూ హక్కులూ మన దగ్గరే పెట్టుకుంటే అది వ్యాపారం. లాభమో నష్టమో, మన నెత్తిన. నీ సంగతి వేరు. పాఠకుడు పుస్తకం ముఖం చూడకముందే నీ లాభం నీకు ముట్టేసింది. ఇంక నవల బాగుంటే నీకేం, బాగోకపోతే నీకేం? తండ్రి చస్తే ఏం, బతికితే ఏం?

మీ వంశంలో ఇలాంటిది ఇంతకుముందూ ఒకటి జరిగింది. 2004లో అమెరికాలో కొందరు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితలు కలిసి, తలా ఒక చెయ్యి వేసి, పనిగట్టుకుని ఒక చెత్త నవల రాశారు. పేరు ‘అట్లాంటా నైట్స్’. అందులో 4, 17 అధ్యాయాలు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. 34వ అధ్యాయాన్ని కంప్యూటర్ ప్రోగ్రాముతో కలగాపులగంగా అల్లారు. 21వ అధ్యాయం అసలు లేనే లేదు. ‘మేం రచయితల దగ్గర డబ్బు తీసుకోం’ అని చెప్పుకునే ఒక సంస్థ దాన్ని ఎంపిక చేసింది! గుట్టు బయటపెట్టాక వెనక్కి తీసుకుంది. వాళ్లు కావాలని ఒక అధ్యాయం తీసేసి అంత కష్టపడ్డారు. నేను మతిమరుపుతోనే సాధించాను.

నీకంటే ముందు నాకు వేరే ప్రచురణకర్త దగ్గర్నుంచి ఒక చిన్న ఉత్తరం వచ్చింది. ఏడు నెలలు చూశాక వచ్చింది. ‘ఏడో అధ్యాయం వరకు బాగుంది. తండ్రి పోయాక కథ ఎటు వెళ్లాలో తెలియక అక్కడే తిరుగుతోంది. మేం వేయలేం’ అని మూడు వాక్యాలు. కోపంతో నాలుగు ముక్కలు చేశాను. అంతకుముందు మరో ఇద్దరు అసలు పలకనే లేదు, ఆ ధోరణి కూడా నాకేం నచ్చదనుకో. కానీ ఆ నాలుగు ముక్కలు ఉన్నాయేమోనని మొన్న అలమరా అంతా వెతికాను. నీకు చెప్పకూడదు గానీ, నిన్ను కూడా అంతలా వెతకలేదు. నిన్ను వెతకాల్సిన పని లేదులే, రెండో నవలకు డిస్కౌంటంటూ నీ తమ్ముళ్లు నెలకొకరు వస్తూనే ఉన్నారు.

తప్పంతా నీదే అనను. ఎవరో ఒకరు నన్ను ఎంచుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. సరిగ్గా ఆ నొప్పి తెలిసి వచ్చినవాడివి నువ్వు, డాక్టరు కంటే ముందు మందుల షాపువాడు వచ్చినట్టు.

ఇంకొక్క సంగతి రాసి ముగిస్తాను. మొన్న రాయల్టీ స్టేట్‌మెంట్ వచ్చింది. మొత్తం అమ్మకాలు 11. అందులో ఎనిమిది నేనే కొన్నాను, ర్యాంకు పెరుగుతుందని మీ మేనేజరే చెప్పాడు. రెండు మా అక్క కొంది, ఒకటి పోయిందనుకుని ఇంకొకటి. ఇక మిగిలింది ఒకటి. పదకొండో ప్రతి. నాకు తెలిసినవాళ్లందరినీ అడిగాను, అందరూ ‘నేను కాదు’ అంటున్నారు. అంటే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి, ఎవరూ చెప్పకుండా, నా పుస్తకం కొన్నారు. పేరు చెప్పమని మీ ఆఫీసుకు మెయిల్ పెడితే, ఆ వివరాలు ఇవ్వడం కుదరదన్నారు. నీకేమైనా పలుకుబడి ఉంటే ఆ చిరునామా కాస్త కనుక్కుని పెట్టు. వేరే పని లేదు. ఏడో అధ్యాయం ఎలా ఉందో అడగాలి.

ఇట్లు,
గోల్డ్ ప్యాకేజీ రచయిత