తోలు మందమున్న బుక్కు

మా నల్లగొండోళ్లకు బత్తాయి ఏరుడు ఒకలు నేర్పే పని లేదు, తోలు మందముంటే రసముండదని బండి కాడ నిలబడ్డ చిన్న పోరడు కూడ చెప్తడు. గసొంటి జిల్లాల పుట్టి, కోడింగ్ నేర్సుకుందామని బస్సెక్కి దిల్‌సుఖ్‌నగర్‌ల దిగి ఆడికెళ్లి కోఠి పోయి, పాత బుక్కుల కుప్పల అన్నిట్లకంటె మందమున్న బుక్కే, పైథాన్ అనే కోడింగ్ భాషది, ఏరి తెచ్చుకున్న.

ఊకెనే తెచ్చిన్నా, దానెనక శాస్త్రమున్నది. ముందుగాల నలుగురిని అడగాలె. మా బామ్మర్ది అమీర్‌పేటల కోర్సు చేసొచ్చిండు, "సీ రాకుంటె ఏదీ రాదు బావా" అన్నడు (ఇప్పుడు సిమెంట్ షాపు నడుపుతుండు). ఆయన దోస్తు జావా అన్నడు. ఇంకొకాయన ఏదైన సరే గని పతలా బుక్కు మాత్రం కొనకు అన్నడు, గదొక్కటే నాకు నచ్చింది. సీ భాషను చేసిన డెన్నిస్ రిచీ, కెర్నిగన్‌తోటి కలిసి రాసిన బుక్కు రెండో ఎడిషన్, 1988ది, మూడొందల పేజీలు కూడ లేదు. చేసినాయనకే సబ్జెక్టు తక్కువ తెల్సేమో పాపం. నిజం చెప్పాలంటె అది కూడ కొత్తోళ్లకు జర గట్టిదే, అది వేరే ముచ్చట.

ఇంటికొచ్చి మొదటి ప్రోగ్రాం బుక్కుల ఉన్నదున్నట్టు కొట్టిన, ప్రింట్ అని రాసి పక్కన కోట్స్‌ల హలో. ఎర్రర్. మళ్ల కొట్టిన, మళ్ల ఎర్రర్. అద్దాలు తుడుసుకోని చదివితె, ప్రింట్‌కు బ్రాకెట్లు లేవు, పెడ్తవా అని కంప్యూటరే మర్యాదగ అడుగుతుంది. కంప్యూటర్ల ఉన్నది పైథాన్ 3, నా బుక్కేమో ప్రింట్‌కు బ్రాకెట్లు అక్కర్లేని పాత వర్షన్ పైథాన్ 2ది. పైథాన్ 3 వచ్చింది 2008ల, 2020 జనవరి 1 నుంచి పాతదాన్ని పట్టించుకునుడు కూడ బంద్ పెట్టిన్రు. నేను పేజీలు చూసిన, బైండింగ్ చూసిన, రేటు కాడ అర్ధగంట కొట్లాడిన, ఏ వర్షనో ఏ సంవత్సరమో ఉండే రెండో పేజీ ఒక్కటి తిప్పలే.

నాకంటె ముందు కొన్న పిల్లగాడెవరో పెన్సిల్‌తోటి గీతలు కొట్టి పక్కన 'ఇంపార్టెంట్' అని రాసుకుంట పోయిండు, 34వ పేజీ కాడ ఆగిండు. నేను పట్టుబట్టి 38 దాక పోయిన. పోయిన ఆదివారం అమ్మకానికి పెట్టిన, నాలుగు పేజీల గీతలు ఫ్రీ.